వెనక టైర్లు 308

బుడాన్ ఫోన్ చేసింది బుధవారం ఉదయం పదిన్నరకి.

"సార్, ఒక సంగతి చెప్పాలి. ఫోన్లో వద్దు. షాపుకి రండి."

గుంటూరు ఆటోనగర్‌లోని ఆ టైర్ల షాపుకి కరుణాకర్ చేరేసరికి పదకొండు దాటి ఆరు నిమిషాలు. బుడాన్ టైర్ల దొంతర పక్కన బోర్లా పడి ఉన్నాడు. వీపులో రెండు బుల్లెట్లు. హెల్మెట్ పెట్టుకున్నవాడెవడో మోటార్ సైకిల్ మీద వచ్చి కాల్చిపోయాడని ఎదురు షాపువాళ్ళు చెప్పారు. చనిపోయేముందు బుడాన్ చేతికందిన సుద్దముక్కతో సిమెంటు నేల మీద మూడంకెలు రాశాడు.

308.

బుడాన్ పదిహేనేళ్ళుగా కరుణాకర్ పనిచేసే గూఢచారి డిపార్ట్‌మెంట్‌కి కళ్ళూ చెవులూ. లారీ డ్రైవర్ల మాటల్లోంచి సమాచారం ఏరి తెచ్చేవాడు. డిపార్ట్‌మెంట్ బళ్ళకి టైర్లూ అతనే సప్లయ్ చేసేవాడు. అలాంటి మనిషి ఆఖరి శ్వాసలో రాసిన అంకెకి అర్థం లేకుండా ఉండదని కరుణాకర్‌కి తెలుసు. కానీ ఆ అర్థమేమిటో అంతుపట్టలేదు.

మధ్యాహ్నం రెండింటికి బ్రీఫింగ్. మిర్చి కోల్డ్ స్టోరేజీ వెనక గదిలో డిపార్ట్‌మెంట్ ఆఫీసు. ఘాటుకి కొత్తవాళ్ళెవరూ అక్కడ అయిదు నిమిషాలు నిలవలేరు. అందుకే ఆ చోటు ఎంచుకున్నారు. చీఫ్ వెంకటరావమ్మ రిటైరైన లెక్కల టీచర్‌లా ఉంటుంది. తుమ్మకుండా మాట్లాడగలిగేది ఆమె ఒక్కతే.

"టార్గెట్ పేరు కెల్లర్. పైకి టైర్ల ఇంపోర్టర్. లోపల ఒక విదేశీ రింగ్‌కి కొనుగోలుదారు. దర్శి దాటాక, యుద్ధకాలంలో వేసి వదిలేసిన పాత ఎయిర్‌స్ట్రిప్ ఉంది. శనివారం అక్కడ, ఎవరి కారు వాళ్ళు వేగంగా నడుపుకునే ట్రాక్ డే పెట్టాడు. కార్ల పిచ్చి ఉన్న డబ్బున్నవాళ్ళంతా వస్తారు. ఆ సందట్లో ఒక మైక్రోఫిల్మ్ చేతులు మారుతుంది. నాలుగింటికి వాడరేవు దగ్గర లాంచి. అంతే, దాటిపోతుంది."

"ఫిల్మ్‌లో ఏముంది మేడమ్?"

"తీరం వెంబడి మనకోసం నిఘా పెట్టిన ఇరవై ముగ్గురి పేర్లు."

వాడరేవులో పడవ నడిపే తోమా పేరు అందులో ఉంటుంది. తోమాని ఈ పనిలోకి తెచ్చింది కరుణాకరే. 'నీకేం కాదు తోమా, నేనున్నాను' అని అతని గుడిసె ముందు కూర్చుని మాటిచ్చిందీ తనే.

"ఆ లిస్టు బయటికెలా పోయింది?"

"మనలోనే ఎవరో అమ్మారు," అంది వెంకటరావమ్మ. "ఎవరో తెలీదు. ఫిల్మ్ ఎక్కడుందో తెలిసేదాకా ఎవర్నీ ముట్టుకోకు. తొందరపడితే అది ఇంకో దారిలో పోతుంది. అక్కడ నువ్వు జిన్నింగ్ మిల్లు ఓనర్ నాగేంద్రబాబువి, అదే నీ కవర్. నీ ఎర్ర హ్యాచ్‌బ్యాక్ కారులోనే వెళ్ళు. ఒక్క కండిషన్ ఉంది. ట్రైలర్ మీద తెచ్చిన బళ్ళని కెల్లర్ రానివ్వడు. రోడ్డు మీద నడుపుకుంటూ రావాలి, రోడ్డుకి పనికొచ్చే టైర్లతో రావాలి. ట్రాక్ మీద తేలిపోయావా, కార్ల పిచ్చి ఉన్నవాడివి కాదని ఇట్టే పట్టేస్తారు. టైర్ల సంగతి మహిమ చూసుకుంటుంది."

మహిమ పేరు వినగానే ఆ ఘాటులోనూ కరుణాకర్‌కి ఊపిరి తేలికైంది. ఆమె టెక్నికల్ ఆఫీసర్. నాలుగేళ్ళ పరిచయం. జూన్‌లో చీరాల చర్చిలో పెళ్ళి. కరుణాకర్ తల్లి కొండమ్మ అప్పుడే చుట్టాలందరికీ చెప్పేసింది కూడా.

గురువారం వర్క్‌షాపులో మహిమ మూడు టైర్లు గోడకి ఆనించింది. మంగళగిరి చీర, తలమీదికి తోసిన నల్ల కళ్ళజోడు, చేతిలో టైర్ల గాలి చూసే ఇత్తడి ప్రెషర్ గేజ్. గ్రీజు మధ్య తిరుగుతూ కూడా మరక అంటని మనిషి.

"ఇది స్లిక్. గాటు ఒక్కటీ లేదు. ట్రాక్ మీద రాజు. రోడ్డెక్కితే కేసు."

"రెండోది?"

"సెమీ స్లిక్. పేరుకి రెండు గాట్లు. చట్టం ఒప్పుకుంటుంది, వానదేవుడు ఒప్పుకోడు. పైగా మెత్తటి రబ్బరు. నీది ఫ్రంట్ వీల్ డ్రైవ్. లాగేదీ ముందు చక్రాలే, తిప్పేదీ అవే, బ్రేకు భారమంతా మోసేదీ అవే. ఈ మే నెల ఎండలో దర్శి చేరేలోపే ముందు రెండూ ఉడికిపోతాయి."

"అయితే మూడోదే."

"మూడోదే. కాస్త గట్టి రబ్బరు, నీళ్ళు పోవడానికి సరిపడా గాట్లు, పక్కగోడలు బిగువు. పది ల్యాపులు కొట్టి అదే టైర్ల మీద ఇంటికి రావచ్చు."

"నాలుగూ ఒకటే వెయ్యి మహీ. ముందు మాత్రమే మంచివి వేస్తే వెనక భాగం ఎగిరి తంతుంది."

"నాకు చెబుతున్నావా?" అని నవ్వింది. "నాలుగూ ఒకటే. నేనే దగ్గరుండి బిగిస్తాను. నువ్వు క్షేమంగా రావాలి కరుణా."

శనివారం తెల్లారి బయల్దేరాడు. చిలకలూరిపేట దాకా అంతా బాగానే ఉంది. అద్దంకి దగ్గర మలుపులో అడ్డంగా గేదె వచ్చింది. యాక్సిలరేటర్ మీద కాలు తీశాడు. అంతే. కారు వెనక భాగం పక్కకి జారి, ఎవరో తోసినట్టు తిరగబోయింది. స్టీరింగ్ ఎదురు తిప్పి, కాలు మళ్ళీ నొక్కి, ఎలాగో నిలబెట్టాడు.

అంత వేగంలో అలా జారకూడదు.

పక్కన పంక్చర్ షాపు ముందు ఆపాడు. ముందు టైరు మీద గోరు గుచ్చితే వెచ్చగా దిగింది. వెనక టైరు మీద గోరు దిగలేదు. ఒకే కంపెనీ, ఒకే డిజైను, ఒకే నలుపు. కానీ అది రబ్బరు కాదు, కొయ్య.

టైరు పుట్టిన తేదీ ఒక పక్క గోడ మీదే ఉంటుంది. బయటివైపు లేదు. కరుణాకర్ ఎర్రదుమ్ములో వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాడు. ముందు టైర్ల లోపలివైపు నాలుగంకెలు: 0904. రెండువేల నాలుగు, తొమ్మిదో వారం. మూడు నెలలైనా నిండలేదు. వెనక్కి పాకాడు.

308.

మూడంకెలే. రెండువేలకి ముందు టైర్ల మీద అలాగే వేసేవారు. తొంభై ఎనిమిది, ముప్ఫయ్యో వారం. ఆరేళ్ళు గోడౌన్‌లో ఎండి బిగుసుకుపోయిన సరుకు. నల్లరంగు పూసి, తేదీ లోపలివైపుకి తిప్పి బిగించారు. బుడాన్ చేత ఈ టైర్లు తెప్పించిన మనిషి, అవి ఎవరి బండికో అతను పసిగట్టగానే అతన్ని లేపేయించింది.

'నేనే దగ్గరుండి బిగిస్తాను.'

కరుణాకర్ కారు కిందనుంచి వెంటనే లేవలేకపోయాడు. ఎయిర్‌స్ట్రిప్ చివర పెద్ద మలుపులో ముందు చక్రాలు పట్టుకుంటాయి, వెనకవి పట్టుకోవు. కారు బొంగరంలా తిరిగి పల్టీ కొడుతుంది. ట్రాక్ డేలో యాక్సిడెంటంటే ఎవరికీ అనుమానం రాదు. జూన్‌లో పెళ్ళికి రావలసిన చుట్టాలు మే నెలలోనే వస్తారు.

"ఏమైంది అన్నా?" అంటూ పంక్చర్ షాపు జాన్ బాషా వంగి చూశాడు.

"ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చాలి. ఎంతసేపు?"

"మంచివి వెనక్కెందుకన్నా? ఇది ముందు చక్రాలతో లాగే బండి."

"ముందు చక్రాలు జారితే బండి తిన్నగా పోతుంది. కాలు తీస్తే దారికొస్తుంది. వెనకవి జారితే నేను దారికి రాను."

జాన్ బాషా ఇంకేం అడగకుండా జాకీ తీశాడు. కరుణాకర్ తన సెల్ ముట్టుకోలేదు. దాన్ని సెట్ చేసి ఇచ్చిందీ మహిమే. ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి వెంకటరావమ్మకి ఫోన్ చేశాడు.

"మేడమ్, మనలో ఎవరో తెలిసింది. మహిమ."



"నువ్వు వెనక్కొచ్చెయ్. ఇంకొకరిని పంపిస్తా."

"లేదు మేడమ్, అక్కడికి నేనే వెళ్తాను. మీ మనుషుల్ని వాడరేవులో ఉంచండి."

ఎయిర్‌స్ట్రిప్ గేటు దగ్గర టైర్ల ముద్రలూ గాట్ల లోతూ చూసి లోపలికి వదిలారు. మహిమ నవ్వుతూ ఎదురొచ్చింది. కెల్లర్ దగ్గర టెక్నికల్ స్టాఫ్‌గా చేరినట్టు డిపార్ట్‌మెంట్ ఆమెకి ఇచ్చిన కవర్. ప్రెషర్ చూసే వంకతో వంగి, "జాగ్రత్త," అంది మెల్లగా. ఆ గొంతులో ప్రేమ ఎప్పటిలాగే ఉంది. కరుణాకర్‌కి భయం వేసింది అప్పుడే.

మూడో ల్యాపులో పెద్ద మలుపు. అంచున నిలబడి మహిమ చూస్తోంది. కారు తిరగలేదు. ముక్కు బయటికి జారింది, కరుణాకర్ కాలు తీశాడు, అది బద్ధకంగా దారికొచ్చింది. పల్టీ లేదు, దుమ్ము లేదు.

దిగి ఆమె దగ్గరికి నడిచాడు.

"టైర్లెలా ఉన్నాయి?" ఆమె పెదవులు ఎండిపోయాయి.

"ముందువి కాస్త మొద్దుగా ఉన్నాయి."

మహిమ కళ్ళజోడు తీసి, అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి, మళ్ళీ పెట్టుకుంది. పావుగంటలో కెల్లర్ పచ్చ హ్యాచ్‌బ్యాక్ తూర్పుకి దూసుకుపోయింది. పక్క సీట్లో ఆమె. వెళ్ళేముందు ఇత్తడి గేజ్‌ని కెల్లర్ చేతిలో పెట్టడం కరుణాకర్ చూశాడు.

కెల్లర్ బండికి సెమీ స్లిక్స్. ఎండ రోడ్డు మీద కరుణాకర్‌కి అందలేదు. అద్దంకి దాటేసరికి కనుమరుగైంది. ఇంకొల్లు దాటాక ఆకాశం నల్లబడి, ఒక్కసారిగా జడివాన. కరుణాకర్ వేగం తగ్గించాడు. కెల్లర్ తగ్గించలేదని చీరాల దగ్గర కాలవ మలుపులో తెలిసింది. పచ్చ కారు నీటిపొర మీద పడవలా తేలి, కాలవలో పక్కకి ఒరిగి ఉంది. నీళ్ళు నడుందాకా. కెల్లర్ గట్టెక్కి, గేజ్ పట్టుకుని, సముద్రం వైపు పరుగెడుతున్నాడు.

"కరుణా!" మహిమ నీళ్ళలో ఉంది. "నా కాలు ఇరుక్కుంది. నన్నొదిలెయ్. వాణ్ణి పట్టుకో! ఫిల్మ్ గేజ్‌లో ఉంది!"

అతను కెల్లర్ వైపు నాలుగడుగులు పరుగెత్తి ఆగిపోయాడు. గురువారం కూడా ఇంత ప్రేమగానే సలహా ఇచ్చింది.

వెనక్కి తిరిగాడు. వాడరేవు వైపు పోయే ఐసు వ్యాను గట్టు మీద ఆగింది. డ్రైవర్ సాయం చేసేవాడిలా చెయ్యి చాపాడు. మహిమ ఎడం చెయ్యి కారు పైకి లేచిన చక్రం మీద ఉంది. వేళ్ళు గాలి కొట్టే చోటున్న వాల్వ్ క్యాప్ తిప్పుతున్నాయి. క్యాప్ ఊడింది. ఆమె చెయ్యి డ్రైవర్ చేతికి జానెడు దూరంలో ఉండగా కరుణాకర్ నీళ్ళలోకి దూకి మణికట్టు పట్టుకున్నాడు.

ఫిల్మ్ కోసమే వచ్చిన ఆ డ్రైవర్ వ్యానెక్కి పారిపోయాడు. మహిమ పిడికిలి మెల్లగా విప్పింది. క్యాప్ లోపల చుట్టిన ఫిల్మ్. కాలు ఎక్కడా ఇరుక్కోలేదు.

"బుడాన్ నీకేం చేశాడు?"

"చూడకూడనిది చూశాడు."

"మరి నేను?"

వాన చప్పుడులో ఆమె మాట సరిగా వినిపించలేదు. రెండోసారి చెప్పింది.

"నువ్వు నన్ను నమ్మావు. అంతకంటే సులువు దారి నాకు దొరకలేదు."

నాలుగింటికి వాడరేవులో, దృష్టి మళ్ళించడానికి పట్టుకెళ్ళిన ఖాళీ గేజ్‌తో కెల్లర్ దొరికాడు. ఇసుకలో అతన్ని అదిమిపెట్టింది తోమా అని తర్వాత తెలిసింది. దేనికోసమో తోమాకి చెప్పలేదు. చెప్పకపోవడమే క్షేమం.

సోమవారం కొండమ్మ కొడుకుని ఏమీ అడగలేదు. చుట్టాలందరికీ ఆవిడే మళ్ళీ కబురు చేసుకుంది.

మంగళవారం వెంకటరావమ్మ పిలిచింది.

"కొత్త టెక్నికల్ ఆఫీసర్ వస్తోంది. మంచి మనిషట. కళ్ళు మూసుకుని నమ్మొచ్చట. నీకు బండీ, మంచి టైర్లూ తనే చూస్తుంది."

కరుణాకర్ తుమ్మాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిర్చి ఘాటు అని ఇద్దరూ ఒప్పుకున్నారు.

"బండి వద్దు మేడమ్," అన్నాడు. "ఆర్టీసీ బస్సు పాస్ ఇప్పించండి. కిటికీ పక్క సీటు నేనే చూసుకుంటాను."