కోకిల ఏడ్చింది

"బండి లేటా?"

"మానుకోట దాకా లేటే."

కోడ్ సరిపోయింది. 1971 డిసెంబర్, ఉదయం పది గంటలు. జనగామ స్టేషన్‌లో టీ స్టాల్ పక్క బెంచీ మీద ప్రొఫెసర్ పురుషోత్తం పేపర్ మడిచి కాస్త జరిగాడు. డిపార్ట్‌మెంట్‌లో ఏజెంట్లకి భాషలు నేర్పేది ఆయనే. పక్కన కూర్చున్న ఏజెంట్ గోప్యా ఆయన శిష్యుడే.

"మధ్యాహ్నం మూడూ ఇరవైకి మిలిటరీ స్పెషల్ మహబూబాబాద్ దాటుతుంది. ఆరువందల మంది జవాన్లు. స్టేషన్ అవతల కల్వర్టు కింద బాంబు. ఫోన్ తీగలు తెగ్గొట్టారు. దారిలో ఎవరు ఎర్రజెండా ఊపినా ఆగొద్దని డ్రైవర్‌కి ఆర్డర్."

ఆ స్పెషల్‌లోనే గోప్యా తమ్ముడు దేవ్యా ఉన్నాడు.

"పేల్చేది ఒక ఆడది. కోడ్‌నేమ్ కోకిల. జీతం మనది, పని శత్రువుది. లంబాడీ భాష మూడేళ్లు నేర్చుకుని ట్రాక్ కూలీల్లో కలిసిపోయింది. భూపాలపల్లి అడవిలో దొరికిన టేపులో దాని గొంతు విన్నాను. నేనే తప్పు పట్టలేకపోయాను గోప్యా! నేర్చుకుంది మన ల్యాబ్‌లోనే. దాని అసలు పేరు..."

సైలెన్సర్ దగ్గింది. పురుషోత్తం నుదురు పగిలి నెత్తురు పేపర్ మీదికి చిమ్మింది. చచ్చిపోయేవాళ్లు పేరు ముందు చెప్పి వివరాలు తర్వాత చెబితే డిపార్ట్‌మెంట్‌కి సగం పని తగ్గేది. ఎవరూ చెప్పరు, అదేం జబ్బో!

పోర్టర్ చొక్కా వేసుకున్న హంతకుడు పట్టాల మీదికి దూకాడు. గోప్యా వెంటపడి మెడ పట్టుకున్నాడు. వాడు కత్తి దూశాడు. గోప్యా వాడి మోచేతిని మోకాలికేసి విరిచి, పెన్నులోని ఒకే ఒక్క తూటా వాడి దవడ కింద పేల్చాడు. వాడు ఒక్క మాటైనా చెప్పకుండానే పోయాడు.

గోప్యా జీపు మహబూబాబాద్ కల్వర్టు చేరేసరికి రెండున్నర. బాంబు దొరికింది. కానీ ఊడదీయబోతే పేలే రకం. తీగ లేదు, రేడియో ట్రిగ్గర్. అది కోకిల దగ్గరుంది. ఇప్పుడు పేలినా స్పెషల్ వచ్చి ఆ గోతిలోనే పడుతుంది.

రెండు వందల గజాల దూరంలో లంబాడీ ఆడవాళ్లు కంకర మోస్తున్నారు. వాళ్లలో ఆరుగురు నిన్ననే చేరారు. గోప్యా రైల్వే గుమాస్తాలా ఫైలు పట్టుకుని వాళ్లని లంబాడీలో పలకరించాడు. ఆరుగురూ ముసుగుల కింద కిసుక్కున నవ్వారు.

నవ్వరూ మరి! నర్సింహులపేట బడిలో అతని తెలుగులో లంబాడీ యాస వినబడినప్పుడల్లా పంతులు బెత్తం విరిగేదాకా కొట్టాడు. మిగిలిన యాసని పురుషోత్తం చెక్కేశాడు. తెలుగు కడిగిన ముత్యంలా తయారైంది గానీ, లంబాడీ మాట్లాడదామంటే నోట్లో తెలుగే తిరుగుతోంది. ఆ ఆరుగురిలో నాలుగో మనిషి మాట ఎంత తియ్యగా ఉందంటే, ఈమె మాత్రం అసలైన తండా మనిషేనని గోప్యా అప్పుడే తేల్చేసుకున్నాడు.

"తెలుగుల్నే మాట్లాడు నాయినా. నీ లంబాడి ఇంటుంటె పానం పోతున్నది," అంది వెనకనుంచి ఒక ముసలి గొంతు.

సీతాబాయి. గోప్యా తల్లి. ఆ గ్యాంగ్‌లోనే కూలి. కొడుకు హైదరాబాద్‌లో గుమాస్తా అనే ఆమెకి తెలుసు.

గోప్యా ఆమెని పక్కకి తీసుకెళ్లాడు. "అమ్మా, ఈ ఆరుగురిలో ఒకతి మనది కాదు. తమ్ముడొచ్చే బండిని పేల్చేస్తది. నాకు తెలుస్తలేదమ్మా!"

సీతాబాయి ఎందుకు, ఎట్ల అని అడగలేదు. గంప కింద పెట్టింది. "గీళ్లు నా పుట్టింటి తండా నుంచి వచ్చినమన్నరు. నేనింక ఏడ్వనే లేదు గదా."

చాన్నాళ్లకి కలిసిన లంబాడీ ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, మధ్యలో ఆపకుండా రాగం తీస్తూ ఏడుస్తారు. అందులోనే పోయినవాళ్లనీ ఉన్నవాళ్లనీ తలుచుకుంటారు. సీతాబాయి మొదటామెని కావలించుకుని ఏడ్చింది. ఆమె కూడా ఏడ్చింది. రెండో మనిషి, మూడో మనిషి. గోప్యా వాచీ చూసుకున్నాడు. మూడూ పదహారు.

నాలుగో మనిషి వచ్చింది. ఒక్క మాట తప్పలేదు. కానీ ఒక్కో వరుస ఏడ్చి ఆపుతోంది. గుండె మీద కొట్టుకుంటోంది. ఊపిరి పీల్చి మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటోంది. పీనుగు దగ్గర కూర్చుని తెలుగు ఆడవాళ్లు శోకాలు పెట్టినట్టుంది. ఆమె వీపు మీద సీతాబాయి చెయ్యి ఆగిపోయింది.

"మాటలు మావే బిడ్డా," అంది తెలుగులో. "ఏడుపు తెలుగోళ్లది."

ముసుగు లాగేసింది.

మనోరమ! ల్యాబ్‌లో టేపుల పని చూసే మనోరమ. ఆఫీసంతా ఆమె సెంటు వాసనకే పడిచచ్చేది. పెళ్లి మాట ఎట్లా ఎత్తాలా అని గోప్యా నెలరోజులుగా మథనపడుతున్నాడు.

"సారీ గోపీ," అంది మనోరమ. గాగ్రా మడతల్లోంచి పిస్టల్ పేలింది.

తూటా భుజం ఎముకని నుజ్జు చేసింది. గోప్యా కంకర మీద పడ్డాడు. స్పెషల్ కూత వినిపించింది. మనోరమ ఎడమచేతి గాజుల కిందికి వేళ్లు పోనిచ్చింది. ట్రిగ్గర్ అక్కడుంది.

"యాడీ!" అని అరిచాడు గోప్యా.

లంబాడీలో అమ్మ అని. ఆ పిలుపు సీతాబాయి విని పదిహేనేళ్లయింది. పక్కనున్న పార ఎత్తి మనోరమ మణికట్టు మీద వేసింది. గాజులు, ఎముక, ట్రిగ్గర్ ఒక్క దెబ్బతో తునిగిపోయాయి. మనోరమ కుడిచేతిలోని పిస్టల్ ముసలామె వైపు తిరిగింది. గోప్యా పాక్కుంటూ వెళ్లి కాళ్లు లాగేశాడు. ఆమె తల పట్టా అంచుకి కొట్టుకుంది. ఇక లేవలేదు.

గోప్యా ఆమెని పట్టా మీదినుంచి ఇవతలికి లాగాడో లేదో, స్పెషల్ దడదడలాడుతూ కల్వర్టు దాటిపోయింది. మూడో బోగీ కిటికీలోంచి దేవ్యా నవ్వుతూ అందరికీ చెయ్యి ఊపాడు.

సీతాబాయి ఓణీ చింపి కొడుకు భుజానికి బిగించింది. "యాడీ, యాడీ," అని మూలిగాడు గోప్యా. చుట్టూ చేరిన ఆడవాళ్ల వైపు ఆమె కళ్లు తుడుచుకుంటూ చూసింది.

"ఒక్క తూటకే మాట మంచిగొచ్చింది. ఇంకోటి తగిల్తే పాట గూడ పాడుతడు."