లెమెకి చేతులు

ఆదివారం ఉదయం 7:10. చర్చిలో ప్రభు భోజనపు వెండి గిన్నె మాయమైంది.

7:40కి సార్జెంట్ పెసమినో వచ్చాడు. సమోవాలోని ఆ ఊళ్లో పోలీసుకన్నా ముందు పెద్దల సభ తీర్పు చెబుతుంది. చెప్పేసింది కూడా.

"లెమెకి తీశాడయ్యా," అన్నాడు ఊరిపెద్ద తుయిలాగి. "నిన్న గిన్నె తోమింది ఆయనే. తాగి తూలుతున్నాడని చెప్పింది నువ్వే. పన్నెండులోగా ఆ ఇంటివాళ్లు ఊరొదలాలి."

నిజమే, ఆ మాట పెసమినోయే అన్నాడు. నిన్న సాయంత్రం ఆరింటికి లెమెకిని దారిలో చూశాడు. మాట ముద్దగా వస్తోంది. అడుగు తడబడుతోంది. "ఏం పెద్దాయనా, చర్చి పెద్దవై సీసా పట్టావా?" అని నలుగురిలో నవ్వాడు. దగ్గరికి మాత్రం పోలేదు.

లెమెకి ఇంట్లో మూటలు కడుతున్నారు. ముసలాయన స్తంభానికి ఆనుకుని జోగుతున్నాడు.

"నిన్న ఎంత తాగాడమ్మా?"

"తాగుడు మానేసి తొమ్మిదేళ్లు," అంది భార్య సెఫీనా.

"కిడ్నీల డయాలసిస్‌కి పోతున్నాడా?"

"ఈ వారం రెండుసార్లు తప్పింది."

"ఎందుకు?"

"తమ్ముడు పోయాడు గదా. మా వంశం తరఫున మాట చెప్పే పెద్ద ఈయనే. వచ్చినవాళ్ల ముందు నిలబడి మాట్లాడేదెవరు? డయాలసిస్ మిషన్ కోసం ఆస్పత్రికి వెళ్లాడంటే పరువేముంది?"

"పెద్దాయనా, చేతులు చాపు. బండి ఆపుతున్నట్టు అరచేతులు పైకెత్తు."

చేతులు నిలవలేదు. మణికట్ల దగ్గర పడుతూ లేస్తూ రెక్కల్లా కొట్టుకున్నాయి. పెసమినో ఆయన నోటి దగ్గరికి వంగాడు. మందు వాసన లేదు. మూత్రం కంపు.

8:25. అంబులెన్స్‌కి ఫోన్ చేశాడు.

"గిన్నె ఎక్కడ పెట్టావు?"

"తమ్ముడికిచ్చా. వాడు చర్చికి రాలేదు."

ఇంటి ముందు తమ్ముడి కొత్త సమాధి. తలవైపు పూల కింద గిన్నె దొరికింది.

తొమ్మిదింటికి సభ కూర్చుంది.

"కిడ్నీలు వడకట్టని విషం మెదడుకెక్కింది," అన్నాడు పెసమినో. "నరాలు పట్టుతప్పాయి. చూస్తే తాగినట్టే ఉంటుంది. నోటి వాసన ఎవరైనా చూశారా?"

పెసమినో గిన్నెని సభ మధ్యలో పెట్టాడు.

"మా అమ్మ చేతులూ పోయేముందు ఇలాగే ఆడాయి. తెలిసినవాణ్ణి నేను. నేనే చూడలేదు."

తుయిలాగి తీర్పు వెనక్కి తీసుకున్నాడు.

పెసమినో లెమెకి ఇంటి ముందు మోకాళ్లమీద కూర్చున్నాడు. తలమీదుగా నేతచాప కప్పుకున్నాడు. తప్పు చేసినవాడు అలాగే కూర్చోవాలి. ఇంటివాళ్లు వచ్చి చాప తీస్తేనే క్షమించినట్టు.

ఎండ మండుతోంది. 9:50కి అంబులెన్స్ ఆగిన చప్పుడు. అడుగులు దగ్గరికొచ్చాయి. చాప కదల్లేదు.

"సార్జెంటూ," అంది సెఫీనా. "క్షమించే తీరిక నాకిప్పుడు లేదు. లేచి ఆయన్ని మొయ్యి."

చాప తనే తీసుకున్నాడు, ఊరంతా చూస్తుండగా.