చెప్పకూడనివాడు కూర్చున్న కుర్చీ

అది 2011 నవంబరు 17, గురువారం. పొద్దుటినుంచీ ముసురు. సాయంత్రం నాలుగింటికి తెరిపిచ్చింది గానీ ఈదురుగాలి మాత్రం ఆగలేదు.

ఆ ఫర్నిచర్ కొట్టు మేడమీది గదికి అప్పటికే చెడ్డపేరు. బీరువాల వెనక ఒక ఊగే కుర్చీ ఉండేది. కొట్టు మూసే వేళకి అది తనంతట తానే ఊగుతుందనీ, చచ్చిపోయిన పాత యజమాని ఇంకా అందులోంచి లేవలేదనీ చెప్పుకునేవాళ్ళు. (కుర్చీ వదలనివాళ్ళు బతికున్నవాళ్ళలోనూ ఉన్నారు, అది వేరే సంగతి.)

కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే ఒకావిడకి సరిగ్గా ఆ కుర్చీతోనే పని పడింది. సాయంత్రాలు ఆవిడ దొంగ కస్టమరు. అంటే మామూలు మనిషిలా కొట్టుకెళ్ళి, చెప్పిన సరుకు (ఈసారి ఆ కుర్చీ) కొనేదానిలా నటించి, అక్కడివాళ్ళు ఎంతసేపటికి వచ్చారో, నవ్వుతూ పలకరించారో లేదో చూసి, పంపిన కంపెనీకి రహస్యంగా రిపోర్టు రాయాలి. తానెవరో మాత్రం ప్రాణం పోయినా చెప్పకూడదు. చెబితే పని పోతుంది. పని పోతే అత్తగారికి చెవి మిషను రాదు.

ఇంట్లోనూ చెప్పలేదు. మొగుడి చెవిలో ఊదితే అత్తగారు "ఏంటీ?" అంటుంది. ఆవిడకి వినబడేలా చెప్పడమంటే వీధంతా దండోరా వేయడమే.

తొమ్మిదికి పది నిమిషాలుంది. ఆవిడ మెట్లెక్కి బీరువాలు దాటబోతుంటే, కింద ఎవడో పొదుపరి మేడమీది లైట్లు ఆర్పేశాడు.

చీకటి... గాలి...

కిర్రు... కిర్రు...

కుర్చీ ఊగుతోంది!

ఆవిడ పక్కనున్న బీరువాని కరుచుకుంది. "ఎ... ఎవరది?"

కుర్చీలోంచి గుసగుస — "చెప్పకూడదు."

"ఎందుకొచ్చావు నాయనా?"

"చూసి... రాసుకుని... పోతాను."

చిత్రగుప్తుడే! "ఏం రాస్తావు?"

"ఎవరు నవ్వారు... ఎవరు నవ్వలేదు..."

ఆవిడ ఆ చీకట్లోనే ముప్ఫై రెండు పళ్ళూ బయటపెట్టింది.

"ఇంతకీ... మీరెవరు?" ఈసారి కుర్చీయే అడిగింది.

"నేనూ చెప్పకూడదు!"

ధబ్బున చప్పుడు. "బాబోయ్, దెయ్యం!" — ఈసారి గుసగుస కాదు. రోజూ కాఫీ ఏదని అరిచే గొంతు.

సేల్స్‌మన్ టార్చి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. నేలమీద, చేతిలో కాగితంతో, ఓవర్‌టైమని చెప్పి వెళ్ళిన ఆవిడ మొగుడు!

"మీరా!"

"నువ్వా! నీకెందుకే ఈ పని?"

"అత్తయ్య చెవి మిషనుకి. మీకో?"

"...అమ్మ చెవి మిషనుకే."

సేల్స్‌మన్ పొర్లి పొర్లి నవ్వాడు. "మీరూ ఆ బాపతేనా? నెల్నాళ్ళుగా మూసేవేళకి రోజుకొకరొచ్చి ఊగి, నోరు విప్పకుండా పోతున్నారు. ఇవాళ ఏకంగా ఇద్దరు! మీ ఊగుళ్ళకి దెయ్యమని జడిసి, కొనేవాళ్ళు రావడం మానేశారండీ."

"బయటపెట్టకు బాబూ, పని పోతుంది," అంది ఆవిడ.

"ఆ పీడ కుర్చీ కొనుక్కుపొండి. నేను మిమ్మల్ని చూడనేలేదు."

రిపోర్టులో "సేల్స్‌మన్ నవ్వాడా?" అన్నచోట ఇద్దరూ ఒకటే రాశారు: "విరగబడి." చెవి మిషను వచ్చింది, కుర్చీకి పోసిన డబ్బు మూలాన కాస్త ఆలస్యంగా.

అత్తగారు ఆరేళ్ళు ఆ కుర్చీలో ఊగుతూ, ఇంట్లో గుసగుసలన్నీ విని, హాయిగా పోయింది. పోతూ చెవి మిషను కొడుక్కి, బీరువా తాళాలు కోడలికి ఇచ్చింది. కుర్చీ ఎవరికీ ఇవ్వలేదు. అత్తగారి సొంత తమ్ముణ్ణి నేను, నాకు చిల్లిగవ్వ ఇవ్వలేదు. కుర్చీ అయినా ఇమ్మని అడుగుదామని మొన్న రాత్రి వెళ్ళాను గానీ...

ఊగుతోంది.