మ్యాప్ చూడ్డానికి రూట్ పాస్‌వర్డ్

గుడివాడ లాడ్జిలో సిస్టమ్ ఇంజనీరు కొండలరావు శవం దొరికిన గంటకే, చీఫ్ గోవర్ధనరావు ఏజెంట్ శ్యాంబాబుని కారెక్కించుకున్నాడు. కారు బందరు రోడ్డు పట్టింది. మబ్బు తాటిచెట్ల దాకా దిగి ఉంది.

"బందరు తుఫాను హెచ్చరికల కంప్యూటర్ కొండలరావు చేసిందే. లైనక్స్. ఉచితం. దానిమీద ఒక విదేశీ ముఠా కన్నేసింది."

"ఎందుకు సార్?"

"హెచ్చరిక అందక దివిసీమలో జనం చస్తే, ఉచిత సిస్టమ్‌ని నమ్మి చచ్చారంటారు. మర్నాడే సర్కారు ఆ ముఠా సాఫ్ట్‌వేర్ కొనాలి."

"హెచ్చరిక ఎన్నింటికి?"

"పదకొండింటికి. నాగాయలంక పడవలు ఇంకా సముద్రంలోనే ఉన్నాయి. మధ్యాహ్నానికి ఉప్పెన."

శ్యాంబాబుది దివిసీమే. డెబ్బై ఏడు ఉప్పెన వచ్చి పాతికేళ్లు దాటినా ఆ మాట వింటే దివిసీమ మనిషికి ముద్ద దిగదు.

"వాళ్ల ప్రోగ్రామ్ మ్యాప్ చూపించే అప్లికేషన్లో దూరింది. మామూలు యూజర్‌గా ఉన్నంతసేపూ ఏమీ పీకలేదు. రూట్ పాస్‌వర్డ్ పడిందా, ఇంటి తాళాలన్నీ దాని చేతికొచ్చినట్టే. హెచ్చరికని నొక్కేసి, పంపేశానని తెరమీద బొంకుతుంది."

"పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"ఆపరేటర్ జ్ఞానమ్మగారికి. తెరమీద ఏ బాక్స్ అడిగినా కొట్టేస్తుంది. అడిగితే లేదనడం ఆవిడ ఇంటా వంటా లేదు. ఫోన్ లైన్లు కోసేశారు. లోపల వాళ్ల మనిషి ఉంది, పోలీసులు కనిపిస్తే ఆవిణ్ణి కాల్చేస్తుంది. నువ్వొక్కడివే వెళ్లాలి."

పదకొండుకి అయిదు నిమిషాలుందనగా, ఖాకీ చొక్కాతో, భుజాన బ్యాటరీతో శ్యాంబాబు కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టాడు. "యూపీఎస్ మెకానిక్‌నండీ!"

జ్ఞానమ్మ పక్కన నెమలికంఠం పట్టుచీర, మెడలో చిలకలపూడి గిల్టు హారం. హారిక! రెండేళ్లు ఢిల్లీలో తనతోనే ట్రైనింగయిన హారిక! జీతం డిపార్ట్‌మెంట్‌ది, ఊడిగం ముఠాది. ఛీ, ఈ చేతి కాఫీయేనా తాగింది అనుకున్నాడు శ్యాంబాబు. ఆమె నవ్వుతూ దగ్గరికొచ్చింది. పమిట చాటున పిస్టల్ అతని పక్కటెముకకి తగిలింది.

"బండారం బయటపెడితే ముందు ఆవిడ పోతుంది," అంది గుసగుసగా.

తెరమీద బాక్స్ లేచింది. రూట్ పాస్‌వర్డ్ ఇవ్వమంటోంది.

"మా తమ్ముడు సుందరరాజు కూడా వేటకెళ్లాడమ్మాయ్. తొందరగా పంపెయ్యాలి," అంటూ జ్ఞానమ్మ పాస్‌వర్డ్ కొట్టడం మొదలెట్టింది. ఒక చుక్క. రెండు. అయిదు. ఎనిమిది. వేలు ఎంటర్ మీదికి వచ్చింది.

శ్యాంబాబు తాపీగా బుర్ర గోక్కున్నాడు. "అమ్మగారూ, బొమ్మ చూడ్డానికి రూట్ పాస్‌వర్డ్ ఎందుకండీ? క్యాలెండర్ చూస్తానని బీరువా తాళం అడిగితే మా ఆవిడ చీపురు తీస్తుంది."

వేలు ఆగింది.

"అవునే అమ్మాయ్, ఎందుకూ?"

"ఫార్మాలిటీ ఆంటీ. కొట్టెయ్యండి!"

"నిన్నటిదాకా అడగలేదే!" జ్ఞానమ్మ క్యాన్సిల్ నొక్కింది.

పిస్టల్ ఆమెవైపు తిరిగింది. ఆ క్షణంలోనే శ్యాంబాబు భుజమ్మీది బ్యాటరీ హారిక పాదమ్మీద పడింది. తూటా సీలింగ్‌లోకి పోయింది. శ్యాంబాబు ఆమె చేతులు విరిచిపట్టాడు. జ్ఞానమ్మ మామూలు యూజర్‌గానే హెచ్చరిక పంపింది. పదకొండుకి ఇంకా రెండు సెకన్లున్నాయి. కోడూరు నుంచి నాగాయలంక దాకా సైరన్లు గొల్లుమన్నాయి.

పన్నెండున్నరకి వైర్‌లెస్‌లో, "అక్కా, అందరం ఒడ్డెక్కాం," అని వినబడ్డాక ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

శ్యాంబాబు గొంతు సవరించుకుని తన ఐడీ కార్డు తీసి చూపించాడు. "పాస్‌వర్డ్ చెప్పండమ్మా, ఆ పాడు ప్రోగ్రామ్‌ని పీకేస్తాను."

జ్ఞానమ్మ కళ్లు తుడుచుకుని, కార్డుని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి అతని చేతిలో పెట్టింది.

"బాగుందండీ. ఆ అమ్మాయి చూపించిందీ అచ్చం ఇలాగే ఉంది."