చెయ్యెత్తే మలుపు

చీకటి పడ్డాక ఆ మలుపు దగ్గర ఎవరూ బండి ఆపరు. ఆపకూడదు కూడా అంటారు.

కొండ రోడ్డు ఏటవాలుగా దిగీ దిగీ, ఉన్నట్టుండి ఎడమకి తిరిగే చోటు అది. అక్కడ ఒకడు నిలబడి ఉంటాడట. ఒంటినిండా తెలుపు. మొహం కూడా తెలుపే... మాట్లాడడు, అరవడు. కుడిచెయ్యి మాత్రం మెల్లగా పైకెత్తుతాడు. చూసినవాళ్ళు చూసినట్టే ప్రాణాలు అరచేత పట్టుకుని, బండి పక్కకి తప్పించి, యాక్సిలరేటర్ ఇంకాస్త గట్టిగా తొక్కి పోతారు.

అతనెవరో అందరికీ తెలుసు. కొన్నేళ్ళ కిందట పాత జీపుతో సహా ఆ లోయలోకి పోయిన సర్వేయరు. మర్నాడు చూస్తే రోడ్డు మీద టైరు గీత ఒక్కటీ లేదు. బ్రేకు తొక్కినవాడి బండి గీత గియ్యకుండా పోతుందా? తొక్కలేదు... తనే పోయాడు, అనుకున్నారు. ఆ సాయంత్రం ఆయనకీ భార్యకీ పెద్ద గొడవయిందని ఇరుగుపొరుగు గోడలక్కూడా తెలుసు మరి. అలా పోయినవాడు అక్కడే ఉండిపోతాడు, ఇంకెక్కడికి పోతాడు, అన్నారు.

ఆ సర్వేయరుకి ఒక చెల్లెలు. బస్సు డిపోలో ఫిట్టరు. ఎప్పుడు చూసినా జేబులో ఏదో ఒక పానా ఉంటుందని డిపో అంతా ఆమెని స్పానరమ్మ అనేది. దెయ్యాలంటే నమ్మకం లేదు. అలాగని చీకట్లో ఆ రోడ్డున వెళ్ళిందీ లేదు.

ఒక ఆదివారం వదిన ఆమె ఇంటికొచ్చింది. కళ్ళజోళ్ళ కొట్టు నడుపుకునే మనిషి, నెమ్మదస్తురాలు. లోయలోంచి లాక్కొచ్చిన జీపుని ఇన్నాళ్ళూ పెరటి షెడ్డులో టార్పాలిన్ కింద దాచింది. అమ్మలేదు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

"ఆ బండి బాగుచెయ్యి" అంది.

ఎందుకని అడిగింది స్పానరమ్మ. వదిన కిందికి చూస్తూ చెప్పింది. ఆయన చెయ్యెత్తి ఆపమంటున్నాడు కదా. ఒక్కళ్ళూ ఆపడం లేదు. మనం ఆపుదాం... ఆయన బండైతే ఆయన గుర్తుపడతాడు.

అన్నయ్య బ్రేకు తొక్కే ఉంటాడనీ, ఆ బ్రేకే పోయుండొచ్చనీ అంది స్పానరమ్మ. ఇదివరకు వందసార్లు అన్న మాటే.

"ఉండొచ్చు అన్న మాట మీద ఎంతకాలం బతకమంటావే?"

మర్నాటి నుంచి స్పానరమ్మ డిపో వదలగానే షెడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టింది.

ఇంజను పెద్దగా దెబ్బ తినలేదు. బెంగంతా బ్రేకు గురించే. ఆ కాలపు జీపులో మాస్టర్ సిలిండర్ డ్రైవరు కాళ్ళ కింద, నేలకి దిగువన ఉంటుంది. ఒకటే గది. పెడల్ తొక్కితే అందులోని నూనె నాలుగు చక్రాలకీ పోవాలి. ఎక్కడ ఒక్క చుక్క దారి తప్పినా నాలుగూ చేతులెత్తేస్తాయి. విప్పి చూస్తే లోపలి రబ్బరు చిరిగి ఉంది. ఆ రోజే చిరిగిందా, ఇన్నేళ్ళూ తుప్పులో నాని చిరిగిందా... చెప్పడం ఆమె వల్ల కాలేదు. వదినకి చెప్పలేదు.

పాతది తీసేసి రెండు గదుల సిలిండర్ పెట్టింది. ముందు చక్రాలకి ఒకటి, వెనక చక్రాలకి ఒకటి. ఒకటి మోసం చేసినా రెండోది నిలబడుతుంది. పాత బోల్టుల చోట అది కూర్చోకపోతే ఇనప రేకు కోసి, చిల్లులు పెట్టి, కొత్త పట్టీ చేసింది. ముందు పైపులన్నీ మార్చింది. వెనక పైపు బాగానే ఉందనిపించి వదిలేసింది.

ఆఖరి పనికి ఇద్దరు కావాలి. గొట్టాల్లో చేరిన గాలి పోవాలంటే ఒకరు పెడల్ తొక్కుతుండాలి, ఒకరు చక్రం దగ్గర మర విప్పి బిగించాలి. వదిన ఆ సీట్లో కూర్చోడానికి చాలాసేపు పట్టింది.

"తొక్కు వదినా... పట్టుకో... ఆఁ, వదులు."

బండి కింద పడుకున్న స్పానరమ్మకి వదిన పాదం ఒక్కటే కనబడుతోంది. చెప్పినప్పుడల్లా తొక్కుతోంది. చివరికి పెడల్ రాయిలా గట్టిపడింది.

శుక్రవారం చీకటి పడ్డాక బయలుదేరారు. కొండెక్కి, వెనక్కి తిప్పి, దిగడం మొదలుపెట్టారు. రెండో గేరు. ఇంజను మూలుగు, గాలి హోరు. స్పానరమ్మ నడుపుతుంటే వదిన పక్క సీట్లో డాష్‌బోర్డు పట్టుకుని ముందుకు వంగి చూస్తోంది.

ఏమీ లేదు. రోడ్డు. రాళ్ళు. మళ్ళీ రోడ్డు.

ఏమీ ఉండదులే అనుకుంది స్పానరమ్మ. అంతలో లైట్ల వెలుగు మలుపు మీద పడింది.

ఉన్నాడు.

తెల్లగా. నడిరోడ్డు మీద. చెయ్యి మెల్లగా పైకి లేచింది...

ఆ క్షణాన నమ్మకాలూ అపనమ్మకాలూ గాలికి పోయాయి. స్పానరమ్మ కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీదికి పోయింది.

"ఆపు" అంది వదిన, గుసగుసగా. "ఆపవే తల్లీ."

బ్రేకు తొక్కింది. పెడల్ పట్టింది... అంతలోనే కిందికి జారింది. ఎవరో కాలు పట్టుకుని లాగినట్టు — జారుతూ, జారుతూ...

అన్నయ్యకీ ఇలాగే జారిందా?

సగం దాటాక టక్కున ఆగింది పెడల్. వెనక పైపు పగిలినా ముందు చక్రాలు కరిచి పట్టుకున్నాయి. బండి ముక్కు నేలకేసి వంచి, అతని మోకాళ్ళకి అడుగు దూరంలో నిలిచిపోయింది.

అతను కదల్లేదు. తర్వాత ఒక్కో అడుగే వేసుకుంటూ దగ్గరికొచ్చాడు. బానెట్ మీద చెయ్యి పెట్టాడు. తడుముతున్నాడు.

వదిన దిగింది. స్పానరమ్మ పట్టుకోబోయింది గానీ చెయ్యి అందలేదు.

"ఏవండీ..."

అతను దగ్గాడు.

పొడి దగ్గు. దగ్గిన కుదుపుకి ఒంటి మీది తెలుపు పొగలా రేగి లైట్ల ముందు తేలింది. రాతిపొడి. దాని కింద ముసలి మొహం, ఎర్రబడ్డ కళ్ళు. మనిషి. బతికున్న మనిషి.

"ఇది ఆయన జీపే కదమ్మా?" అన్నాడు.

పైన కంకర మిల్లులో పనివాడట. ఆ రాత్రి పని దిగి ఇంటికి నడిచిపోతుంటే జీపు మీదికొచ్చేసింది. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ, నడుమ తను. పోలీసులు తననే పట్టుకుంటారని భయపడి నోరు విప్పలేదు. ఇంట్లో నిద్ర పట్టలేదు. అప్పట్నించీ పని అయ్యాక వచ్చి ఇక్కడ నిలబడుతున్నాడు. దిగే బండ్లని నెమ్మదిగా పొమ్మంటాడు. ఒక్కరైనా ఆగితే జరిగింది చెప్పుకుందామని. ఇన్నేళ్ళలో ఒక్కరూ ఆగలేదు.

వదిన ఒకటే అడిగింది.

"బ్రేకు తొక్కాడా?"

"కూర్చుని కాదమ్మా... సీట్లోంచి లేచి నిలబడి తొక్కాడు. తప్పుకో తప్పుకో అని అరుస్తూనే ఉన్నాడు. నాకు కాళ్ళు కదల్లేదు. అప్పుడు నన్ను తప్పించడానికి లోయవైపు తిప్పేశాడు."

వదిన ఏడవలేదు. ఆ తెల్లటి చేతిని రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయింది. స్పానరమ్మే చక్రం కింద రాయి పెట్టబోతూ, నీళ్ళు నిండి కళ్ళు కనబడక రోడ్డు మీద కూలబడింది.

అంతలో పైనుంచి ఇంకో బండి దిగుతున్న చప్పుడు. వేగం మీదుంది. ముసలాయన అలవాటు ప్రకారం చెయ్యెత్తాడు. చేతులకి రాతిపొడి అంటుకున్న వదిన కూడా ఎత్తింది. స్పానరమ్మ లేచి నిలబడి తనూ ఎత్తింది.

ఆ బండివాడు ఆగలేదు.

ఇప్పుడా మలుపులో ముగ్గురు నిలబడుతున్నారట. అందులో ఇద్దరు ఆడవాళ్ళట.