భుజం మీద ఐదో అంకె

కోర్టు వేళల్లో నయాపూల్ దగ్గర నల్లకోటు వేసుకున్నవాణ్ని ఎవరూ రెండోసారి చూడరు. అందుకే వెంకటనారాయణ తన ఏజెంట్లకు పని అప్పజెప్పాల్సి వచ్చినప్పుడల్లా వకీలు వేషం వేస్తాడు. ఆ మధ్యాహ్నం రెండు గంటలకు ఇరానీ హోటల్లో మూల బల్ల దగ్గర, కేసు వాయిదా పడ్డ మొహం పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఏజెంట్ సంకేత్, వీపు గోడకు ఆనించి. వీపు వెనక గోడ లేకపోతే సంకేత్‌కు చాయ్ గొంతు దిగదు. పాతికేళ్లుగా అంతే.

"బిస్కెట్లు మెత్తబడ్డట్టున్నయ్" అన్నాడు వెంకటనారాయణ.

"రాత్రి వాన పడ్డది గద సార్" అన్నాడు సంకేత్.

ఒకరినొకరు సగం జీవితంగా ఎరిగినవాళ్లు. అయినా కోడ్ వర్డ్ చెప్పుకోవాల్సిందే, డిపార్ట్‌మెంట్ రూలు.

విషయం చిన్నది కాదు. ఒక విదేశీ ముఠా పబ్లిషింగ్ కంపెనీ బోర్డు పెట్టుకుని, రిటైరైన సైనికుల ఇళ్లకు వెళ్తోంది. మీ యుద్ధ జ్ఞాపకాలు రాసివ్వండి, పుస్తకం వేస్తామంటోంది. ఒక్కొక్కరి జ్ఞాపకం విడిగా చూస్తే పాత ముచ్చటే. పదిమందివి పక్కపక్కన పెట్టి చదివితే సరిహద్దు కొండల్లో మనవాళ్లకు ఎవరు దారి చూపారో, ఎవరు అన్నం పెట్టారో తేలిపోతుంది. ముఠా నాయకుడి పేరు ఎవరికీ తెలియదు, అందరూ ప్రొఫెసర్ అంటారు. నాలుగు తీపి మాటలు చెప్పి కాగితాలు రాబట్టేది రశ్మి అనే ఆవిడ.

"ఈసారి రాసిందెవరు?"

"బుచ్చయ్య."

సంకేత్ కప్పు కింద పెట్టాడు. పురానాపూల్ దగ్గర బర్రెల్ని సాకుతూ పాలు పోసుకుని బతికే బుచ్చయ్యకు, సైదాబాద్‌లో ఉండే సంకేత్‌కు మధ్య దూరం ఆటోలో అరగంట. ఆ అరగంట ప్రయాణం సంకేత్ పాతికేళ్లలో ఒక్కసారి కూడా చేయలేదు.

"మన మనిషి ఒకరు మూడేండ్ల సంది ఆ ముఠా లోపల ఉన్నరు" అన్నాడు వెంకటనారాయణ. "ఆ మనిషిని పట్టిచ్చే గుర్తు ఒకటి బుచ్చయ్య కాగితాల్లో ఉంది. ప్రొఫెసర్ అది చదివిండంటే మన మనిషి రేపు పొద్దు చూడరు. పొద్దున ఫోనొచ్చింది. ఏ పేజీలో ఉందో చెప్పేలోపు కట్ అయింది."

"నాకెట్ల తెలుస్తది?"

"చదివితే తెలుస్తది. నువ్వక్కడ ఉన్నవ్."

"మీరు కూడ ఉన్నరు, కెప్టెన్ సాబ్."

వెంకటనారాయణ కిటికీ వైపు చూశాడు. తన మొహం ప్రొఫెసర్‌కు తెలుసన్నాడు. పైగా బుచ్చయ్య కోడిగీతలు తడుముకోకుండా చదవగలిగేవాడు, అచ్చం అలాగే రాయగలిగేవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడన్నాడు.

అది నిజమే. ఆ కొండల యుద్ధంలో శత్రువు ఎక్కడున్నాడో చూసి రావడానికి పంపిన రెక్కీ టీమ్‌లో వాళ్లు నలుగురు. ముందు కెప్టెన్ వెంకటనారాయణ, తర్వాత మైసయ్య, తర్వాత బుచ్చయ్య, చివర రేడియో మోసే సంకేత్. మంచుకు బుచ్చయ్య వేళ్లు కొయ్యబారిపోతే, పెళ్లాం ఆండాలు బెంగపడుతుందని అతని రాతలోనే సంకేత్ ఉత్తరాలు రాసిపెట్టేవాడు.

చీకట్లో నడిచేటప్పుడు మాటలుండవు. చివరి మనిషి తన ముందువాడి భుజం తట్టి, ఎంతమంది ఉన్నారో ఆ అంకె గొణుగుతాడు. ఆ అంకె భుజం నుంచి భుజానికి కెప్టెన్ దాకా పోవాలి. నాలుగు అంటే అందరూ ఉన్నట్టు. మూడోరోజు వాళ్లను తన గుడిసెలో దాచి, రొట్టెలు పెట్టిన ముసలి గొర్రెలకాపరికి పదేళ్ల మనవరాలు ఉండేది. దారి చూపడానికి వచ్చిన ఆ పిల్ల వరసలో చివర చేరి, ఆట అనుకుని సంకేత్ భుజం తట్టి "పాంచ్" అనేది. కెప్టెన్ దాకా ఐదు పోయేది. ఆయన కూడా నవ్వుకునేవాడు.

రేడియోలో మ్యాప్ అంకెలు ఉన్నవి ఉన్నట్టు చెప్పరు. రోజుకో అంకె కలిపి చెప్పాలి. పొద్దున ఆరింటికి అంకె మారుతుంది. నాలుగోరోజు ఆరుంపావుకు, మూడు రాత్రులు కన్ను మూయని సంకేత్ శత్రువు బంకర్ జాడ రేడియోలో చదివాడు. కలిపింది నిన్నటి అంకె. వెనక కూర్చున్న పిల్ల తెచ్చిన రొట్టె అతని చేతిలో పెట్టి కిందికి, గుడిసెకు పరుగెత్తింది. ఇరవై నిమిషాలకు మన ఫిరంగి గుండ్లు వచ్చాయి. గుడిసె మీద పడ్డాయి.

బుచ్చయ్య ఒక్కడే వెనక్కి పోయి, పూటంతా ఉండి వచ్చి, అక్కడేం లేదన్నాడు. ఆ తర్వాత సంకేత్ ఏ గుంపులో నిలబడినా వెనక నుంచి ఒక చిన్న చెయ్యి భుజం తడుతుందేమోనని ఒళ్లు బిగుసుకుంటుంది. అందుకే గోడ కావాలి.

మూడుంపావుకు సాలార్‌జంగ్ మ్యూజియంలో, బ్యాగులు దాచే కౌంటర్ వెనక గదిలో సంకేత్ ఖాకీ చొక్కా తొడుక్కుని, సుత్తి పట్టుకుని, చెక్క అర బాగుచేస్తున్నట్టు నటిస్తున్నాడు. కౌంటర్లో ఆ రోజుకు కూర్చున్నది తమ డిపార్ట్‌మెంట్ పింటూ. సందులోంచి రశ్మి కనబడింది. ముదురాకుపచ్చ పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, ఎడమ చేతికి పొడుగాటి ఎర్రటి గోళ్లు. ప్రొఫెసర్ డ్రైవర్ ఆమెకు రెండడుగుల దూరం దాటకుండా ఉన్నాడు. ఆమె గుడ్డసంచి ఇచ్చి టోకెన్ తీసుకుంది. నాలుగింటికి జనమంతా గంటల గడియారం చూస్తుండగా ఆ టోకెన్ ప్రొఫెసర్ చేతికి మారాలి. మాయమాటలు చెప్పి ముసలి సైనికుల గుండెలు తవ్వుకునే ఆ మనిషిని చూస్తే సంకేత్‌కు ఒళ్లు మండింది.

సంచిలో రెండువందల పద్నాలుగు షీట్లు. మూలకు చిల్లు పొడిచి ట్యాగ్‌తో కట్టిన కట్ట, ముడి మీద లక్క ముద్ర. డ్రైవర్ పొద్దున ఒక్కొక్కటే లెక్కపెట్టాడు కనుక ఒక షీట్ తీస్తే ఇంకొకటి పెట్టాలి. ల్యాబ్ వాళ్లు పెన్నులా కనిపించే హీటర్ ఒకటి, ముద్రకు నకలు ఒకటి ఇచ్చారు. హీటర్ రెండుసార్లు మొరాయించి మూడోసారి పనిచేసింది. ఆ ల్యాబ్ వస్తువులన్నీ అంతే.

సంకేత్ చదవసాగాడు. మంచు, ఆకలి, మైసయ్య జోకులు, రొట్టెలు. నూట ముప్పై ఒకటో షీట్ దగ్గర ఆగిపోయాడు.

'పొద్దుగాల రేడియోల అంకె చెప్పింది నేనే. నిన్నటి అంకె కలిపిన. గుండ్లు తాత గుడిసె మీద పడ్డయి. తప్పు నాది. ఎనుకకు పోయి చూస్తే తాత లేడు. మనుమరాలు రాళ్ల సందుల పానంతోని ఉంది. ఎడమ చెయ్యి చివరి రెండు ఏళ్లు తెగిపోయినయి. ఎత్తుకపోయి మన డాక్టర్‌కిచ్చిన. కెప్టెన్ సాబ్‌కు చెప్తే ఎవలికి చెప్పొద్దన్నడు, చెప్పలే.'

సంకేత్ రెండోసారి చదివాడు. పిల్ల బతికింది. పాతికేళ్లు రోజూ చంపుకున్న పిల్ల బతికింది. ఆ సంతోషం పూర్తిగా అందేలోపే మొదటి వాక్యం గుచ్చుకుంది. బుచ్చయ్య ఆ రోజు రేడియో ముట్టనైనా ముట్టలేదు.

మూడూ నలభై ఒకటి. వెతుకుతున్న గుర్తు ఈ వేళ్లే. ముఠా లోపల ఉన్న మన మనిషి ఆ పిల్లే అయివుండాలి. తర్వాతి షీట్లు గబగబా తిరగేశాడు. ఆమె మాట మళ్లీ ఎక్కడా లేదు. తెల్ల షీట్ తీసి, బుచ్చయ్య కోడిగీతల్లో రాయడం మొదలుపెట్టాడు. గుడిసెల ఎవలు మిగల్లేదు అని రాశాడు. ఇన్నాళ్లు తను నమ్మిందే కనుక పెన్ను ఎక్కడా ఆగలేదు. అంకె తప్పు చెప్పింది నేను గాదు, మా సిగ్నల్ పోరడు అని రాశాడు.

షీట్ అడుగున ఒక్క గీతకు చోటు మిగిలింది. 'వాన్ని ఎన్నడో మాఫ్ చేసిన' అని రాస్తే సరిగ్గా సరిపోతుంది. రాత బుచ్చయ్యదే, ఎవరు చదివినా నమ్ముతారు. పెన్ను కాగితం మీద ఆనించి ఉంచాడు. తర్వాత క్యాప్ పెట్టేశాడు. ఆ చోటు ఖాళీగానే వదిలేశాడు.

లక్క కరిగించి ముద్ర వేసేసరికి మూడూ యాభై ఆరు. బయట డ్రైవర్ గొంతు వినబడింది. సంచి ఒకసారి చూపించమంటున్నాడు. ముద్ర ఇంకా వేలు అంటుకునేంత వేడిగా ఉంది.

"ఇస్త భాయ్, జర ఆగు. మస్తు సంచులున్నయి" అంటూ పింటూ లోపలికి వచ్చి, తను తాగుతున్న చల్లటి నీళ్ల సీసా ముద్ర మీద అదిమిపట్టాడు. డ్రైవర్ రెండోసారి పిలిచాడు. మూడోసారి కౌంటర్ చెక్క తలుపు ఎత్తాడు. పింటూ ముద్ర తడి చొక్కాకు తుడిచి, సంచి అందించాడు. డ్రైవర్ బొటనవేలితో గట్టిగా నొక్కి చూశాడు. చల్లగా, రాయిలా ఉంది. తలూపి, సంచి తిరిగి కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోయాడు.

టోకెన్ చేతులు మారడం కళ్లారా చూడాలి, అది కూడా రూలే. ఖాకీ చొక్కా విప్పేసి సంకేత్ గడియారం ముందుకు వచ్చాడు. బెంచీలన్నీ నిండిపోయి ఉన్నాయి. గోడ దగ్గర చోటు లేదు. ఫోన్లు పైకెత్తిన జనం మధ్య, వెనక ఖాళీతో నిలబడాల్సి వచ్చింది. మెడ వెనక చెమట పట్టింది.

గడియారంలోంచి బుల్లి మనిషి బయటికొచ్చి గంట కొట్టాడు. ఒకటి. రెండు. నెరిసిన గడ్డం ప్రొఫెసర్ పక్కగా ఆకుపచ్చ చీర కదిలింది. మూడు. టోకెన్ మారింది. నాలుగు. జనం చప్పట్లు కొట్టారు. ప్రొఫెసర్, డ్రైవర్ సంచి కోసం కౌంటర్ వైపు కదిలారు.

ఎడమ భుజం మీద ఒక చెయ్యి పడింది.

"పాంచ్."

సంకేత్ వెనక్కి తిరగలేదు. వరసలో నడిచేవాడు వెనక్కి తిరగకూడదు. భుజం మీది చేతిలో చివరి రెండు వేళ్లు రబ్బరు వేళ్లు, చొక్కాలోంచి కూడా చల్లగా తగిలాయి. ఎర్రటి గోళ్లు అంటించిన వేళ్లు.

రేడియోలో అంకె చెప్పింది బుచ్చయ్య కాదని, తనేనని అతను ఉర్దూలో, ముందున్న గడియారంతో చెబుతున్నట్టు చెప్పాడు. పాతికేళ్లు మోసిన మాట అంత చిన్నదని అప్పుడే తెలిసింది.

"తెలుసు" అంది రశ్మి. "ఆ పొద్దున నీ వెనకే కూర్చున్నాను. ఆ గొంతు మర్చిపోలేదు. ఈరోజు ఆయన కాగితం చదివినప్పుడే అబద్ధమని తెలిసింది."

మాఫ్ చేశావా అని అడగలేక అడిగాడు.

"అది అడగకు. తాత తిరిగి రాడు. లెక్క చెప్పడానికి వచ్చాను, చెప్పాను. ముందుకు పంపు."

చెయ్యి తేలికైంది. అతను తిరిగి చూసేసరికి ఆకుపచ్చ చీర, ప్రొఫెసర్ చెప్పిన ఏదో మాటకు నవ్వుతూ, గుమ్మం దాటుతోంది. ఆమె ఇంకెన్నాళ్లు అలా నవ్వాలో సంకేత్‌కు తెలియదు. ఈ రోజుకైతే బతికింది.

ఐదున్నరకు పురానాపూల్‌లో బుచ్చయ్య కొట్టం ముందు ఆటో దిగాడు. బుచ్చయ్య చిన్న పీట మీద కూర్చుని పాలు పిండుతున్నాడు. తల పూర్తిగా నెరిసింది. వచ్చిందెవరో నడకను బట్టే పట్టాడు.

"పాతికేండ్లు వట్టిందా రానీకి?"

సంకేత్ జేబులోంచి నూట ముప్పై ఒకటో షీట్ తీసి చూపించాడు. పుస్తకం రాదని, వాళ్లు పుస్తకాలు వేసేవాళ్లు కాదని, ఈ ఒక్క షీట్ మళ్లీ రాయాల్సి వచ్చిందని చెప్పాడు. తాత రొట్టెల సంగతి నలుగురికీ తెలియాలనే రాశానని బుచ్చయ్య నొచ్చుకున్నాడు. సంకేత్ షీట్‌ను ముక్కలు చేసి కుడితి తొట్లో కలిపేశాడు. బర్రె ఆవురావురుమని తాగేసింది. దేశ రహస్యాలకు అంతకన్నా మంచి బీరువా లేదు.

"తప్పు నీ మీద ఎందుకేస్కున్నవ్ అన్నా?"

"నువ్వు నౌకరి జేసెటోనివి, పది మందిల తిరిగెటోనివి. నాకేముంది, బర్రెలు. బర్రెలు పుస్తకాలు చదువయి." పాలధార తపేలాలో మోగుతూనే ఉంది. "గా పోరి ఏడుందో ఏమో. దవాఖాన్ల ఇడిసిపెట్టొచ్చిన. గంతే, మల్ల చూడలే."

పొద్దున తన ఇంటికొచ్చి, తను పాలు పిండుతుంటే గడపలో కూర్చుని ఆ కాగితాలు చదివిన ఆకుపచ్చ చీర ఆవిడ ఎవరో బుచ్చయ్యకు తెలియదు. చెప్పడానికి సంకేత్‌కు అనుమతి లేదు. ఎవరికీ ఎప్పటికీ చెప్పకూడదు.

అతను చుట్టూ తిరిగి బుచ్చయ్య వెనక్కి వచ్చి నిలబడ్డాడు. వంగి భుజం తట్టాడు.

"ఐదు" అన్నాడు.

పాలధార ఆగిపోయింది. బుచ్చయ్య వెనక్కి తిరగలేదు. నుదురు బర్రె డొక్కకు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. బర్రె ఓపికగా నిలబడింది. తర్వాత పాలధార మళ్లీ మొదలైంది.

ఆండాలు చాయ్ తెచ్చింది. సంకేత్ ఈసారి గోడ కోసం వెతక్కుండా, ఎదురుగా ఉన్న మంచం మీద కూర్చుని తాగాడు.

"ఇంక నా రాత మర్వలేదా నువ్వు" అన్నాడు బుచ్చయ్య కళ్లు తుడుచుకుంటూ. "నేను రాయలేదని ఎవలన్న గుర్తువడ్తరేమో."

"నేను గప్పుడే వట్టిన" అంది ఆండాలు. "కొండల మీదికెల్లి వచ్చిన ఉత్తరాలు నీయి గావని. బర్రెల కన్న ముందుగాల నా పానం ఎట్లుందని అడిగినవ్ అండ్ల. నువ్వు గట్ల రాసే మనిషివా?"

ప్రొఫెసర్ ముఠాలో ఆండాలు లాంటి మనిషి ఒక్కరు కూడా లేకపోవడం ఈ దేశం అదృష్టం.