ఫిలోమెన్ ఇంట్లో పదమూడు తీపులు

మార్సెయ్ రేవుకి ఎగువనున్న మా ఊళ్ళో, బట్టలుతికే పాత రాతితొట్టి పక్కన ఒక ఇల్లుంది. దాని పేరెత్తితే కాచిన పాలు విరిగిపోతాయి. ఉత్తరపు గాలి ఊరంతా పెంకులు లేపేస్తుంది గానీ, ఆ ఇంటి దగ్గరికొచ్చేసరికి తోక ముడిచి పక్క సందులోంచి పోతుంది. పోస్టుమాన్ వీధి మొగలోంచే ఉత్తరాలు విసిరేవాడు.

ఎందుకంటే... ఫిలోమెన్.

ఆవిడ ఒక క్రిస్మస్‌కి ఊరందర్నీ పిలిచి, వండిపెట్టుకుని కూర్చుందట. ఒక్కరూ రాలేదట. తెల్లారి చూస్తే కుర్చీలోనే బిగుసుకుపోయి ఉంది. చేతిలో ఫోర్కు. ఎంత గుంజినా ఊడక, ఫోర్కుతో సహా పాతిపెట్టారట. అప్పట్నుంచీ క్రిస్మస్ రాత్రి ఆ ఇంట్లో... టింగ్... టింగ్... పళ్ళెం చప్పుడు.

ఈ కథ ఊరికి చెప్పింది మాంసం కొట్టు ఓజియాస్. ఉప్పూ కారం నేను వేశాను. పోర్చుగల్ నుంచి వచ్చి ఇక్కడ పడి నలభై ఏళ్ళయినా నన్నింకా "ఆ పోర్చుగీసావిడ" అనే అంటారు. ఊరి కథలో ఓ చెయ్యి వేస్తేనే గదా ఊరిమనిషినయ్యేది!

అలాంటి ఇల్లు కొనుక్కుని ఇద్దరు దిగారు. వీబె, ఆయన పెళ్ళాం హిస్కె. హాలండ్ ఉత్తరాన, సముద్రం కంటే పల్లంలో ఉండే ఊరివాళ్ళు. చెరో తాడిచెట్టంత మనుషులు. ఏడాది గడిచింది... ఒక్క పురుగు వాళ్ళ గడప తొక్కలేదు. నేనూ కిటికీ దగ్గర నిలబడే మాట్లాడేదాన్ని. భయమని కాదు, ఆ ఇంటి మెట్లు ఎత్తు.

డిసెంబరు మొదట్లో హిస్కె తేల్చేసింది. "ఏమయ్యా, ఈ పండక్కి ఒక్కరైనా మన గడప దాటి వస్తే ఉందాం. లేదా, ఇల్లమ్మేసి పోదాం. నా మాటలు వినలేక గోడలకే విసుగొస్తోంది."

వీబెకి ఈ ఊరంటే ప్రాణం. పండగ సంతలో మట్టిబొమ్మలు, చలికి చేతుల్లో వేడి ద్రాక్షసారా, మైదానంలో ఇనపగుండ్లు విసిరే ఆట... ఇవన్నీ వదిలి పోవడమే! ఇల్లిల్లూ తిరిగి భోజనానికి పిలిచాడు.

"అయ్యో, మా పిల్లికి ఒంట్లో బాలేదు," అంది రొట్టెలకొట్టు ఆవిడ.

"మా అత్తగారు ఇవాళో రేపో అన్నట్టుంది," అన్నాడు పొరుగాయన. ఆ అత్తగారు పోయి పదేళ్ళు.

"పిలిచావు, అదే పదివేలు నాయనా," అని ఓజియాస్ తలుపేసుకున్నాడు.

అయినా వీబె వదల్లేదు. పరదేశులతో వచ్చిన చిక్కే ఇది. మా ఆచారాలు మాకంటే నిక్కచ్చిగా పాటిస్తారు. మేం ఎప్పుడో అటకెక్కించినవన్నీ కిందికి దింపాడు. బల్ల మీద ఒకదానిపై ఒకటి మూడు తెల్లగుడ్డలు. మూడు కొవ్వొత్తులు. వెల్లుల్లి చారు, ఉప్పుచేప, నత్తలు, చివర్న యేసుకీ పన్నెండుమంది శిష్యులకీ లెక్కగా పదమూడు రకాల తీపి. దారినపోయే పేదవాడి కోసం ఒక కుర్చీ, ఒక పళ్ళెం అదనం. తిన్నాక బల్ల మీదవి తియ్యకూడదు, పోయిన పెద్దలొచ్చి తింటారు. దుష్టశక్తులు పాకి ఎక్కకుండా గుడ్డ అంచులు పైకి మడవాలి. తలుపుకి గడియ పెట్టకూడదు.

మరి మా ఇళ్ళల్లో? మూతి తుడుచుకోగానే గిన్నెలు మెషీన్లోకి, తలుపుకి రెండు తాళాలు!

పండగ రాత్రి ఎవరూ రాలేదు. ఇద్దరే తిన్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. లేచి చర్చికి వచ్చారు. మా ఊళ్ళో అర్ధరాత్రి పూజ ఎనిమిదింటికే. ఫాదర్‌గారికి నాలుగు ఊళ్ళు మరి. బాలయేసు ఊరికో వేళకి పుట్టాల్సిందే.

బెంచీ మీద కూర్చోగానే వీబెకి గుర్తొచ్చింది... కొవ్వొత్తులు! వెలుగుతున్నవి వెలుగుతున్నట్టే వదిలేశాడు. ఒక్కడే వెనక్కి పరిగెత్తాడు.

ఇక్కణ్ణుంచి వీబె చెప్పింది చెప్పినట్టే చెబుతున్నా... కాస్త అటూ ఇటూ.

సందంతా చీకటి. తొట్టిలో నీళ్ళు గడ్డకట్టుకుపోయాయి. దగ్గరగా వేసి వెళ్ళిన తలుపు... ఓరగా తెరిచి ఉంది.

లోపల... టింగ్.

...టింగ్.

తలుపు సందులోంచి చూశాడు. పేదవాడి కుర్చీలో... తెల్లగా... గాదె అంత ఆకారం. వీపు ఇటు తిరిగి ఉంది. భుజాల మీంచి ఏవో పైకి లేచి ఉన్నాయి. వాటి నీడ గది కప్పంతా పరుచుకుని... ఊగుతోంది. ఆ ఆకారం తింటోంది. చప్పరిస్తోంది.

ఇంకొకడైతే మార్సెయ్ దాకా పరిగెత్తేవాడు. వీబెకి మాత్రం ఒక్కటే తోచింది — వచ్చారు. ఇన్నాళ్ళకి ఒక్కరు... మా ఇంటికి వచ్చారు. చచ్చినవాళ్ళయితేనేం!

టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. గుసగుసగా...

"అమ్మా ఫిలోమెన్... చేపలో ఉప్పు సరిపోయిందా?"

ఆ ఆకారం పెట్టిన కేకకి చర్చి గంట దానంతటదే మోగిందంటే నమ్మండి! కుర్చీ తలకిందులైంది. రెక్క ఒకటి ఊడి వెల్లుల్లి చారులో పడింది. చూస్తే... ఓజియాస్! పూజలో బూర ఊదే దేవదూత వేషం ఏటేటా ఆయనదే. అలాంటి బుగ్గలు ఊళ్ళో ఇంకెవరికీ లేవు.

"ఒరేయ్ నాయనా, చంపేశావు గదరా!" అని గుండె పట్టుకున్నాడు. "పొద్దుణ్ణుంచీ రిహార్సలని నిలబెట్టేశారు. కడుపు ఖాళీ. మా ఆవిడ ఇంటి తాళంచెవి పట్టుకుని పాటగాళ్ళలో నిలబడింది. ఊరంతా తాళాలే. నీ తలుపొక్కటే తీసుంది."

"దెయ్యమంటే భయం లేదా?"

"ఎందుకు లేదు? ఆకలి దానికంటే పెద్ద దెయ్యం."

ఈలోగా చర్చిలో దేవదూత దిగాల్సిన వేళైంది. బూర మోగలేదు. ఫాదర్‌గారు దగ్గారు. మళ్ళీ దగ్గారు. అంతలో ఆ కేక! వేషాలతోనే మరియమ్మ, యోసేపు, గాడిద, గొర్రెలకాపర్లు, వాళ్ళందర్నీ తోసుకుంటూ నేను... ఊరు ఊరంతా పరుగు.

గడప దగ్గర బ్రేకు పడింది. ఒక్కరూ కదల్లేదు. గాడిద మాత్రం తిన్నగా లోపలికి నడిచి ఎండు అత్తిపండ్లు అందుకుంది.

"సిగ్గులేదటయ్యా, ఎవరింట్లోనో దూరి మెక్కడానికి!" అని ఓజియాస్ పెళ్ళాం కేకేసింది.

ఓజియాస్ మొహం కందగడ్డయింది. వీబె ముందుకొచ్చాడు. "నేనే పిలిచానమ్మా. ఆయన వచ్చారు. అంతే."

ఇక గాడిద దాటిన గడప మేం దాటకపోతే పరువేం కాను? ఒకరి వెనక ఒకరం లోపలికి నడిచాం. "నాకింకా రెండు ఊళ్ళున్నాయి, తొందరగా," అంటూ ఫాదర్‌గారు ఖర్జూరాలు జేబులో వేసుకున్నారు. హిస్కె కళ్ళు తుడుచుకుంటూ, ముక్కు చీదుకుంటూ, తీపులు పంచుతోంది.

పంచుతూ ఆగింది. తేనె ముదురుపాకంలో బాదంపప్పు పోసి చేసే నల్ల అచ్చు కనపడలేదు.

"ఓజియాస్ గారూ, అదీ మీరేనా?"

"నేనెక్కడ తల్లీ! అది రాయి. బూర ఊదితే ఊడిపడతాయని కట్టుడుపళ్ళు ఇంట్లోనే పెట్టొచ్చా. చేపొక్కటే మింగాను." నోరు తెరిచి చూపించాడు. బోసి.

అందరం బల్ల రెండో చివరికి చూశాం. అక్కడ ఎవరూ కూర్చోని కుర్చీ ఒకటి వెనక్కి జరిపి ఉంది. దాని ముందు పళ్ళెంలో ఆ నల్ల అచ్చు... సగానికి కొరికి. గాట్లు చక్కగా, వరసగా, చిన్న చిన్న పళ్ళవి.

"హిస్కె..." వీబె టోపీ మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు. "మనం... అమ్మేసి పోదామా?"

హిస్కె ఆ కుర్చీ వైపు ఒక్క క్షణం చూసింది. వెళ్ళి, ఆ పళ్ళెంలో ఇంకో రెండు ఖర్జూరాలు పెట్టింది.

"ఎందుకు పోవడం? ఇంక ఈ ఊళ్ళో మనింటికి రానివాళ్ళంటూ ఎవరూ మిగల్లేదు."